వెనక నడిచేవాడి అడుగులు

ముందే ఒప్పుకుంటున్నాను, తరవాత నన్ను పట్టుకుని నిలదీయొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. వీధిలో రెండు కుక్కలు అరిస్తే ఇంట్లోకొచ్చి ఇరవై అని చెబుతాను. మా ఆవిడ దాన్ని పదితో భాగించుకుని, "సరే, కాళ్ళు కడుక్కోండి" అంటుంది. మా కాపురం ఇరవై రెండేళ్ళుగా ఈ భాగహారం మీదే నడుస్తోంది. సినిమాలకి కామెడీ ట్రాకులు రాసేవాణ్ణి. అసలు కథ ఇంకెవరో రాస్తే, మధ్యలో జనం నవ్వుకోవడానికి అతికించే ముక్కలు నావి. చీమని ఏనుగు చేస్తేనే మళ్ళీ పిలుస్తారు. కాబట్టి ఈ కింద కనిపించే కొలతలన్నీ నావే. అసూయ కూడా నాదే. దాన్ని మాత్రం పెంచలేదు, పెంచడానికి చోటు లేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో మా పాత సినిమా ఒకటి వేశారు. నేను వంటింట్లో మజ్జిగ తాగుతున్నాను. హాల్లోంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఇసక మీద చెప్పులు. రెండు అడుగులు, ఆగడం. ఒక అడుగు, మళ్ళీ ఆగడం. గ్లాసు గట్టు మీద పెట్టేసి పరుగెత్తుకొచ్చాను. తెర మీద నడుస్తున్నవాడు హాస్యనటుడు. అడుగులు అతనివి కావు. మాకు నాలుగిళ్ళ అవతల ఉండే సౌండ్ రికార్డిస్టు గారివి. ఆయన పోయి అప్పటికి పదకొండు రోజులు.

మా ఆవిడ టీవీ ముందునుంచి కదల్లేదు, నావైపు తిరగలేదు.

"ఆయనే కదండీ," అంది.

ఆయన చెవుల గురించి చెప్పాలి. చూడ్డానికి మామూలు చెవులే, కాస్త చిన్నవి కూడా. కానీ కృష్ణానగర్‌లో ఎవరింట్లోనో కుక్కరు మూడో కూత వేస్తే జూబిలీహిల్స్‌లో కూర్చుని "పప్పు ఉడికింది" అనేవారు. రికార్డింగ్ థియేటర్ మెట్ల మీద నిర్మాత కాలు పెట్టగానే, ఇంకా తలుపు తెరుచుకోకముందే, "ఇవాళ ఎవరూ ఏమీ అడక్కండి, పొద్దున్నే ఎవరితోనో గొడవ పడి వస్తున్నాడు" అని మెల్లిగా హెచ్చరించేవారు. ఒక్కసారి తప్పితే ఒట్టు.

నన్ను మొదటిసారి చూసినప్పుడు మొహం చూడలేదు. కాళ్ళకేసి చూశారు.

"రైటర్ గారూ, మీ కుడి చెప్పు మడమ దగ్గర అరిగింది. ఎడమది బాగానే ఉంది. ఎందుకండీ మీకంత తొందర?"

మద్రాసు నుంచి ఇండస్ట్రీతోపాటు ఇక్కడికి తరలివచ్చి అప్పటికి ఎన్నాళ్ళయిందో. నా పంచె మెచ్చుకున్నవాళ్ళున్నారు, పంచులు మెచ్చుకున్నవాళ్ళున్నారు. నా తొందర కనిపెట్టినవాడు ఈయనొక్కడే. ఆ క్షణమే ఈయన నాకు పడడని తేలిపోయింది.

ఇంకో కారణం ఉంది. ఆయన దేన్నీ పెంచేవారు కాదు. "ఎండ ఎలా ఉందండీ?" అంటే "ఉంది" అనేవారు. పెళ్ళిభోజనం గురించి అడిగితే "తిన్నాం". ఇంత తక్కువ మాటలతో ఒక మనిషి బతుకుతూ ఉంటే, పక్కనే మాటలమ్ముకునే నాలాంటివాడి సంగతేమిటి? దానికి తోడు, ఆయన ఆ ఒక్కమాట చెప్పడానికి నోరు తెరిస్తే గదిలో అందరూ ముందుకు వంగేవారు. నేను గంటసేపు చేతులు తిప్పుతూ చెబితే ఒకడు వెనక్కి వాలి నిద్రపోయేవాడు.

ఆయన భార్య యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఎనభైల చివర్లో ఆవిడకి అమెరికాలో ఏదో సదస్సుకి పిలుపొచ్చింది. సదస్సు అయ్యాక, వచ్చినవాళ్ళని పెళ్ళాం మొగుడు పిల్లలతో సహా అక్కడి ఎడారి లోయల్లో, జాతీయ పార్కుల్లో పదిరోజులు నడిపిస్తారట. ముందు ఒక గైడు, వెనక సంసారాలు. ఈయన సెలవు పెట్టి, ఇద్దరాడపిల్లల్నీ తీసుకుని భార్యతో బయల్దేరారు.

ఈ వార్త ఫిల్మ్‌నగర్‌లో పొక్కేసరికి ఒకటే నవ్వులు. అమెరికా అంటే మావాళ్ళకి పాట. హీరో కోటు వేసుకుంటాడు, హీరోయిన్ పల్చటి చీరలో వణుకుతూ నవ్వుతుంది. అంతే తప్ప నడవడానికి అమెరికా వెళ్ళడమేమిటి?

"నడవాలనుకుంటే మోతీనగర్ దాకా నడవొచ్చుగా, బస్సు కూడా దొరకదు," అన్నాడు ఒక ప్రొడక్షన్ మేనేజరు.

అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఇంటికొచ్చాక మా ఆవిడ కంచం పెడుతూ, "వాళ్ళాయన పెళ్ళాం వెంట వెళ్తున్నాడటండీ," అంది. ఆ 'వెంట' అన్న మాట ఆవకాయ ముద్దలో మెంతిగింజలా పంటికింద పడింది. మా కుటుంబ విహారయాత్ర చరిత్ర మొత్తం ఒక్కటే: కథాచర్చలకని నిర్మాత నన్ను విశాఖపట్నం పంపితే, వీళ్ళనీ తీసుకెళ్ళాను. ఐదు రోజులు నేను డైరెక్టరు గదిలో. మా ఆవిడా పిల్లలూ కిటికీలోంచి సముద్రం చూసి తిరిగొచ్చారు.

తిరిగొచ్చిన ఆయన కోసం కాలనీ మొత్తం కాచుకుని కూర్చుంది. సబ్బులు, సెంట్లు, ఫోటోలు. ఆయన కెమెరానే తీసుకెళ్ళలేదట. భుజాన తగిలించుకునే టేపు రికార్డరు తీసుకెళ్ళారు.

"కనీసం ఒక రాయైనా తేలేదా వదినగారూ? మీకు రాళ్ళంటే ప్రాణం కదా," అని మా ఆవిడ ఆయన భార్యనడిగింది.

"ఎక్కడ తేనిస్తారమ్మా? ఆ పార్కుల్లోంచి గులకరాయి కూడా కదపకూడదు. పదిరోజులూ ఒక్కోదాన్నీ తీసి, తుడిచి, చూసి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. నగలకొట్లో చూసిపోవడానికొచ్చినట్టు."

అప్పుడాయన నోరు విప్పారు. "రాయి తేకూడదని బోర్డు పెట్టారు. చప్పుడు తేకూడదని ఎక్కడా రాయలేదు."

ఆ వాక్యం నేనెందుకు రాయలేకపోయానా అని ఇప్పటికీ నాకు కడుపుమంటే.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మమ్మల్ని పిలిచారు. ఎనభై మంది వచ్చారు. (మా ఆవిడ లెక్కలో ఎనిమిది.) కర్టెన్లు వేసి, కళ్ళు మూసుకోమన్నారు. టేపు తిరిగింది.

మొదట గాలి. తరవాత వరసగా నడిచే కాళ్ళు ఇసకమీద. కాసేపటికి ఆ ఇసక గులకరాళ్ళయింది, గులకరాళ్ళు బండయ్యాయి. మధ్యలో ఒక ముసలావిడ దగ్గు. ఆవిడే గైడు, అరవై దాటాయట, మొహం ఎండకి చింతపండులా అయిపోయిందట. దాహం వేయకముందే నీళ్ళు తాగమని రెండు అడుగులకోసారి చెప్పేదట. ఆవిడ పెట్టిన అసలు నియమం వేరే ఉంది: అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు నడవాలి. కాళ్ళలో బలమున్నవాడు వెనక. మొదటిరోజు ఈయన అలవాటు కొద్దీ ముందుకెళ్ళిపోతే చేయిపట్టుకుని లాక్కొచ్చి వరసలో చివర నిలబెట్టిందట. వదినగారికి మోకాలు నొప్పి, దానికి తోడు ప్రతి రాయి దగ్గరా ఆగుతారు. అందుకని ఆవిడ ముందు, తరవాత పిల్లలు, చివర ఈయన.

"ఇదిగో, ఇక్కడ లోయ ఇరుకైపోతుంది. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి," అన్నారాయన నెమ్మదిగా.

నిజంగానే గదిలో గాలి తగ్గినట్టయింది. అడుగులు గోడలకి తగిలి తిరిగొస్తున్నాయి. అప్పుడు చిన్నపిల్ల గొంతు, ఏడుపుకి ముందు ఉండే గొంతు: "అమ్మా, ఇంకెంత దూరం?"

లోయ అడిగింది: ఇంకెంత దూరం... ఎంత దూరం... దూరం...

గదిలో ఎవరూ నవ్వలేదు. తెలుగు పుట్టినప్పటినుంచి ఆ రాళ్ళమధ్య ఎవరూ పలకని మాట అది. నేను రాసిన ఏ డైలాగుకీ అంత పెద్ద థియేటర్ దొరకలేదు. ఓరగా కన్ను తెరిచి చూశాను. మా ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, మొహంలో నేనెప్పుడూ చూడని ఊరు ఏదో కనిపిస్తోంది. మా ఇద్దరు పిల్లలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇంట్లో వీళ్ళు పెన్సిలు ముక్క కోసం రక్తాలు కార్చుకునేవాళ్ళు.

ఆ రోజునుంచి ఆయన మా ఫిల్మ్‌నగర్ కొండలమీద కూడా భార్య వెనకే నడవడం మొదలెట్టారు. సాయంత్రం ఐదయితే చాలు: ముందు వదినగారు బండల్ని పలకరించుకుంటూ, ఆరడుగుల వెనక ఈయన, ఆవిడ ఆగితే ఆగుతూ. మా కాలనీలో మగాడు భార్యకంటే పదడుగులు ముందుంటాడు, అది రూలు. పాలవాడు కూడా సైకిలు దిగి చూసేవాడు. "మన ఈ బండలున్నాయే, అక్కడి లోయలకి తాతల తాతలు," అని వదినగారు దారినపోయేవాళ్ళకి చెప్పేవారు. ఇళ్ళు కట్టడానికి ఆ తాతల్ని మందుపెట్టి పేలుస్తుంటే ఈయన ప్రతి పేలుడికీ కళ్ళు చిట్లించేవారు, చెంపమీద కొట్టినట్టు.

కాలనీ ఆడవాళ్ళు చూశారు. అదే ప్రమాదం.

నేనూరుకుంటానా? ఒక ఆదివారం ఉదయం పిల్లలకి టోపీలు పెట్టి, సీసాల్లో నీళ్ళు నింపి, "పదండి, మనకీ లోయలున్నాయి" అని వెనకనున్న గుట్టల్లోకి బయల్దేరదీశాను. ముందు నేను. ఎవరెస్టు ఎక్కేవాళ్ళు నన్ను చూస్తే సిగ్గుపడేవాళ్ళు, అంత వేగం. చరిత్ర, భూగోళం, సినిమా కబుర్లు ఏకబిగిన చెబుతూ గంట నడిచాక ఒక జోకు వేసి, నవ్వు కోసం ఆగాను. నవ్వు రాలేదు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎదురుగా కడుతున్న బంగళా, దాని ముందు ఎర్రజెండా పట్టుకుని వాచ్‌మన్ యాదయ్య.

"ఏంది సారూ, ఎవల్తోటి మాట్లాడుతున్నవ్? గీడ మందు పెట్టినం, పేలుతది, జర అవతలికి పో."

"మావాళ్ళు వెనక వస్తున్నారు యాదయ్యా."

"యాడొస్తున్నరు! అమ్మ గాడ కూసున్నది, రాయి మీద. బిడ్డకి ముల్లు గుచ్చుకున్నదంట. నువ్వేమో గిట్ల ఉరుకుతున్నవ్. ఎవలన్న తరుముతున్నరా?"

వెనక్కి వెళ్ళాను. ముల్లు తీయడం అప్పటికే అయిపోయింది. తీసినవారు రికార్డిస్టు గారు. భార్యతో అటుగా వచ్చారట. మా అమ్మాయి ఆయన భుజం పట్టుకుని కుంటుతూ, "నాన్నా, అంకుల్ మన అడుగులన్నీ దూరంనుంచే విన్నారట. నీవి మాత్రమే వేరేగా వెళ్ళిపోతున్నాయని చెప్పారు," అంది.

నా కొత్త కామెడీ ట్రాకు పుట్టింది అక్కడే. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను. పెళ్ళాం వెనక గొడుగు, సంచీ పట్టుకుని, మెళ్ళో టేపు రికార్డరు వేలాడేసుకుని తిరిగే మొగుడు. ఆవిడ ఆగితే ఆగుతాడు, తుమ్మితే తుమ్ముతాడు. చేతికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మా ఇంట్లోనే డైరెక్టరుకి వినిపించాను. ఆయన నేలమీద దొర్లి నవ్వాడు. వంటింట్లోంచి కాఫీ రాలేదు. వెళ్ళి చూస్తే స్టవ్ ఆర్పేసి ఉంది.

"ఆ పాత్ర ఎవరండీ?" అంది మా ఆవిడ.

"ఎవరూ కాదు. కల్పితం."

"మన పిల్ల కాల్లో ముల్లు తీసిన చేతులండీ అవి."

మూడురోజులు కాఫీ నేనే పెట్టుకున్నాను.

ఒక సంగతి నేను మరిచిపోయాను. సినిమాల్లో పనిచేసేవాడికి ఉండకూడని మతిమరుపు ఇది. మాటలు, పాటలు, చప్పుళ్ళు అన్నీ కలిపి ఒకటి చేసే చోటుకి ఏ సినిమా అయినా చివరికి రావాలి. ఊళ్ళో ఆ పని చేసేవారు ఇద్దరు. మా నిర్మాత ఈయన్ని పెట్టుకున్నాడు.

ఆ రీలు వచ్చిన రోజు నేను థియేటర్లో ఆయన వెనక కుర్చీలో ఉన్నాను. ఏసీ చలిలో చెమటపట్టిన మొదటి మానవుణ్ణి నేనే. తెరమీద హాస్యనటుడి వేషంలో ఆయనే నడుస్తున్నారు: సంచీ, గొడుగు, మెళ్ళో టేపు రికార్డరు. తెరమీది కదలికలకి చప్పుళ్ళు పుట్టించే ఎఫెక్టుల అతను టపాటపా చెప్పులు కొట్టి, మధ్యమధ్య ఈల కూడా ఊదాడు. గదిలో సహాయకులు పగలబడి నవ్వారు. ఆయన వీపు కదల్లేదు. రీలు అయిపోయింది. వెనక్కి తిప్పమన్నారు. మళ్ళీ చూశారు.

"రైటర్ గారూ."

"అండీ."

"డైలాగు బాగుంది. అడుగులు అబద్ధం."

"అంటే..."

"వెనక నడిచేవాడి అడుగు ఇలా ఉండదు. వాడికి తన కాళ్ళు గుర్తుండవు. ముందు మనిషి కాలు ఎక్కడ తడబడుతుందో అని చూసుకుంటూ ఉంటాడు. అందుకని అడుగు పూర్తిగా పడదు. సగం పడి ఆగుతుంది."

లేచి, ఎఫెక్టుల గదిలో ఇసక పోసి ఉంచే తొట్టిలోకి ఆయనే దిగారు. తెర చూస్తూ నడిచారు. రెండడుగులు, ఆగడం. ఒక అడుగు, ఆగడం. తెరమీద ఆ నటుడు కోతిచేష్టలు చేస్తూనే ఉన్నాడు, కానీ ఇప్పుడు ఆ కోతిచేష్టల కింద ఒక మనిషి నడుస్తున్నాడు. నవ్వుతున్న సహాయకుల్లో ఒకడు నోరు మూసుకున్నాడు. మిగతావాళ్ళు వాడికేసి చూశారు.

ఐదింటికి థియేటర్ మూశాక గేటు దగ్గర "నడుద్దామా?" అన్నారు. ఇద్దరం కొండమీదికి బయల్దేరాం. నేను అలవాటు కొద్దీ ముందుకి దూసుకెళ్ళి, సగం ఎత్తులో ఆయాసంతో ఆగిపోయాను. ఆయన నా వెనక ఆగారు. ముందుకి రాలేదు.

"ఆ పాత్ర మీరేనండీ," అన్నాను రోడ్డుకేసి చూస్తూ. "క్షమించండి. కుళ్ళుతో రాశాను."

"తెలుసు. కాగితం చూస్తే తెలియలేదు. ఇవాళ మీరు థియేటర్లోకి వచ్చిన అడుగులు వింటే తెలిసింది." కాస్త ఆగి, "చెప్పు మార్చారు కదా," అన్నారు.

తరవాత ఇంటిదాకా నా వేగానికే నడిచారు.

సినిమా ఆడింది. హాల్లో నా డైలాగులకి జనం కుర్చీలు విరగ్గొట్టారు. సరిగ్గా ఆ నడక దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది, ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చాక నిర్మాత కౌగిలించుకుని, "ఎంత సున్నితంగా రాశారండీ! మీలో ఈ మనిషి ఉన్నాడని తెలీదు," అన్నాడు. నేను వినయంగా తలవంచాను. ఆ మనిషి నాలో లేడు. నాలుగిళ్ళ అవతల ఉన్నాడు. పొగడ్త కూడా ఆయనదే నాకొచ్చిందని తెలిసి, పొగుడుతుంటేనే అసూయతో ఉడికిపోయినవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి.

ఇప్పుడు ఒప్పుకోవలసింది. ఎనభై మంది లేరు, ఎనిమిది మందే. గుట్టల్లో నడిచింది గంట కాదు, పావుగంట. కుక్కరు కూత కాస్త పెంచాను. ఇవన్నీ పెంచినవే, కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే: ఆ సాయంత్రం కొండమీద నడక.

"నడుద్దామా?" అని ఆయన అడిగిన మాట నిజం. నేను, "లేదండీ, నిర్మాతగారి కారుంది," అన్నాను. ఎక్కి కూర్చున్నాను. మలుపు దగ్గర కారు ఆయన్ని దాటినప్పుడు అద్దం వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాను. క్షమించమని అడగలేదు. నా కుళ్ళు సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. ఇంటికొచ్చి, మేమిద్దరం కలిసి నడిచొచ్చామని, చెప్పుకోవలసింది చెప్పేశానని మా ఆవిడతో అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని కాఫీ పెట్టింది. ఈ పేజీ అచ్చులో చూసేదాకా ఆమెకి సంగతి తెలియదు.

ఆ తరవాత ఆయన పోయేదాకా ఆరేళ్ళపాటు, ఊళ్ళో ఉన్న ప్రతి సాయంత్రం, ఆయన వదినగారి వెనక మా వీధిలోంచే వెళ్ళేవారు. మా గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన అడుగు ఆగేది. "ఆయనొచ్చారు, వెళ్ళరేం?" అని మా ఆవిడ లోపల్నుంచి అడిగేది. "రేపు రీలుంది," అనేవాణ్ణి. కలం పట్టుకుని, తల ఎత్తకుండా, ఆ అడుగు మళ్ళీ మొదలయ్యేదాకా వింటూ కూర్చునేవాణ్ణి.